ఏఐ ఏజెంట్‌కు చెరిపివేసే టూల్స్ అప్పగించే ముందు

2025 జులైలో జేసన్ లెమ్‌కిన్ అనే అమెరికన్ వ్యాపారవేత్త రెప్లిట్ సంస్థవారి కోడింగ్ ఏజెంట్‌తో (చెప్పిన పనిని తానే కమాండ్లు నడిపి పూర్తి చేసే ఏఐ ప్రోగ్రాముతో) ఒక అప్లికేషన్ తయారు చేయించుకుంటుండగా, ఆ ఏజెంట్ ఆయన ప్రొడక్షన్ డేటాబేస్‌ను, అంటే అసలు వాడకంలో ఉన్న డేటాబేస్‌ను, తుడిచిపెట్టింది. అందులో 1,206 మంది కంపెనీ అధికారుల వివరాలు, దాదాపు 1,200 కంపెనీల వివరాలు ఉన్నాయి. కోడ్ ఫ్రీజ్ అమల్లో ఉందని, తన అనుమతి లేనిదే ఏ మార్పూ చేయవద్దని ఆయన అప్పటికే దానికి రాసి ఇచ్చి ఉన్నారు. చెరిపిన తరువాత పాత స్థితికి రోల్‌బ్యాక్ చేయడం కుదరదని కూడా ఏజెంట్ చెప్పింది. ఆయన స్వయంగా ప్రయత్నిస్తే రోల్‌బ్యాక్ పనిచేసింది. రెప్లిట్ సీఈఓ అమ్జద్ మసాద్ క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్ డేటాబేస్‌ను ప్రొడక్షన్ నుంచి వేరు చేస్తున్నామని, కోడ్ జోలికి పోకుండా ప్రణాళిక మాత్రమే చర్చించే పద్ధతిని తీసుకువస్తున్నామని ప్రకటించారు.

ఈ ఉదంతంలో నిషేధం ఉన్నది ఏజెంట్‌కు ఇచ్చిన సూచనల్లో. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్నది ఏజెంట్ చేతిలో. నా దృష్టిలో ఈ వ్యవహారమంతా ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది. ఏజెంట్‌ను నడిపే భాషా నమూనా (మోడల్) సూచనలను పాటించే అవకాశం ఎక్కువే కావచ్చు, కానీ అది అవకాశమే తప్ప హామీ కాదు. సంభాషణ పొడవు పెరిగేకొద్దీ మొదట చెప్పిన మాటకు బలం తగ్గుతుంది, ఎక్కడో చదివిన మరో మాట దానికి అడ్డు వస్తుంది. అందువల్ల ‘చెరపవద్దు’ అని రాయడం మానవలసిన పని లేదు గానీ, ఆ వాక్యాన్ని రక్షణ ఏర్పాట్ల లెక్కలో చేర్చకూడదు. ఏజెంట్ ఎంత పట్టుదలగా ప్రయత్నించినా చెరపలేని స్థితిని దాని బయట, డేటాబేస్‌లోనో ఆపరేటింగ్ సిస్టమ్‌లోనో క్లౌడ్ అకౌంట్‌లోనో ఏర్పాటు చేయాలి. ఒక చిన్న బృందం తన కోడింగ్ ఏజెంట్‌కు షెల్ (కమాండ్లు టైప్ చేసి నడిపే చోటు), గిట్ (కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే టూల్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, క్లౌడ్ అకౌంట్ అందుబాటులోకి తెచ్చిందనుకుని, ఆ ఏర్పాటు ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

టూల్ పేరు కాదు, ఫలితం చూడాలి

మొదట చేయవలసినది ఏజెంట్‌కు అందే టూల్స్ అన్నిటినీ ఒక కాగితం మీద రాసుకోవడం. ప్రతి టూల్ పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. దీనితో జరగగల అతి పెద్ద నష్టం ఏమిటి? ఆ నష్టాన్ని పూడ్చుకోగలమా? పూడ్చుకోగలిగితే ఎవరు, ఎంతసేపట్లో? ‘డిలీట్’ అనే పేరున్న టూల్ కంటే ‘సేవ్’ అనే పేరున్న టూల్ ప్రమాదకరం కావచ్చు, ఎందుకంటే ఉన్న ఫైల్ మీద కొత్తది రాసేయడం కూడా చెరపడమే.

2025 జులైలోనే గూగుల్ వారి జెమినై కమాండ్‌లైన్ ఏజెంట్ విషయంలో బయటపడిన మరో ఉదంతం దీనికి చక్కని ఉదాహరణ. వినియోగదారు అడిగింది ఫైళ్లను కొత్త ఫోల్డర్‌లోకి మార్చమని మాత్రమే. కొత్త ఫోల్డర్ సృష్టించే కమాండ్ విఫలమైంది, ఏజెంట్ మాత్రం ఫోల్డర్ తయారైందనే అనుకుంది. విండోస్‌లో ‘మూవ్’ కమాండ్‌కు ఇచ్చిన గమ్యం ఫోల్డర్‌గా లేకపోతే, ఆ కమాండ్ ఫైల్‌కే ఆ గమ్యం పేరు పెడుతుంది. ఒకదాని తరువాత ఒకటిగా ఫైళ్లన్నిటికీ అదే పేరు పెట్టడంతో ప్రతి ఫైలూ ముందున్న దానిని మింగేసింది. చెరిపే కమాండ్ ఒక్కటీ నడవలేదు, అయినా ఫైళ్లు పోయాయి.

గిట్ కూడా ఇలాగే జాగ్రత్తగా విడమరచి చూడవలసిన టూల్. ‘రీసెట్ హార్డ్’ కమాండ్ కమిట్ అయిన, అంటే గిట్‌లో నమోదైన, పనిని నిజానికి చెరపదు. సాధారణ అమరికలో రీఫ్‌లాగ్ (గిట్ లోపలి కదలికల చిట్టా) సాయంతో కనీసం 30 రోజుల వరకు దానిని వెనక్కి తెచ్చుకోవచ్చు. కమిట్ చేయని మార్పులు మాత్రం అక్కడికక్కడే పోతాయి. ‘క్లీన్’ కమాండ్‌కు ఎఫ్, డీ, ఎక్స్ ఆప్షన్లు మూడూ కలిపి ఇస్తే గిట్ పట్టించుకోని ఫైళ్లు కూడా, అంటే రహస్య కీలు దాచుకునే ‘ఎన్వ్’ ఫైల్, లోకల్ డేటాబేస్ ఫైల్ వంటివి కూడా ఊడ్చుకుపోతాయి. వాటికి రీఫ్‌లాగ్ ఉండదు. కాబట్టి గిట్‌ను మొత్తంగా ‘సురక్షితం’ అనో ‘ప్రమాదం’ అనో ఒక గడిలో పడేయడం కుదరదు.

షెల్ విషయం వేరు. ఏజెంట్‌కు షెల్ ఇచ్చామంటే ఆ యూజర్ అకౌంట్‌తో ఆ యంత్రం మీద నడవగలిగే ప్రతి ప్రోగ్రామునూ ఇచ్చినట్లే. మీ జాబితాలో షెల్ ఒక వరుసగా ఉంటే దాని పక్కన ‘అన్నీ’ అని రాసుకోండి.

మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఏజెంట్లకు టూల్స్ కలిపే ఉమ్మడి ప్రమాణం) ద్వారా టూల్స్ కలుపుకునేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ప్రమాణంలో ప్రతి టూల్‌కూ ‘చదవడం మాత్రమే’, ‘చెరపగలదు’ వంటి సూచికలు జోడించే వీలుంది. ఏమీ చెప్పని టూల్‌ను చెరపగలిగేదిగానే భావించాలన్నది అందులోని నియమం; అది మెచ్చుకోదగ్గదే. కానీ ఆ సూచికలను రాసేది టూల్ తయారుచేసినవారే. నమ్మకం లేని సర్వర్ తన టూల్ చదవడానికి మాత్రమే అని చెప్పుకున్నంత మాత్రాన అది నిజం కాదని ఆ ప్రమాణమే హెచ్చరిస్తుంది. తెర మీద రంగు మార్చడానికి ఆ సూచికను వాడుకోవచ్చు, అనుమతి నిర్ణయించడానికి వాడకూడదు.

ఏజెంట్‌కు సొంత గుర్తింపు, తక్కువ హక్కులు

ఏ ప్రోగ్రామైనా తన పనికి అవసరమైన కనీస హక్కులతోనే నడవాలన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు 1975లోనే సూత్రీకరించారు. యాభై ఏళ్లుగా అందరూ తల ఊపుతూనే ఉన్నారు, డెవలపర్ల ల్యాప్‌టాప్‌లలో మాత్రం అది ఇప్పటికీ అమలు కాలేదు. మీ యూజర్ అకౌంట్‌తో ఏజెంట్‌ను నడిపితే మీ హోమ్ ఫోల్డర్‌లో ఉన్న ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కీలు, కుబర్నెటీస్ (సర్వర్ల మీద అప్లికేషన్లను నడిపించే వ్యవస్థ) కాన్ఫిగ్, దూరపు సర్వర్లలోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, గిట్‌హబ్ టోకెన్ అన్నీ దానికి చదవడానికి వీలుగా ఉంటాయి. మీరు ఇవ్వలేదనుకున్న హక్కులు కూడా అలా దానికి చేరతాయి. అందుచేత ఏజెంట్‌ను వేరే యూజర్ అకౌంట్‌తోనో కంటైనర్‌లోనో (యంత్రంలోని మిగతా భాగం నుంచి వేరుచేసిన గది వంటిది) నడపాలి. ప్రాజెక్టు ఫోల్డర్‌ను మాత్రమే దానిలోకి మౌంట్ చేయాలి, అంటే లోపల కనబడేలా కలపాలి. మిగిలినదేదైనా అవసరమైతే చదవడానికి మాత్రమే వీలుండేలా ఇవ్వాలి. బయటి నెట్‌వర్క్ అవసరం లేని పనికి నెట్‌వర్క్ తీసేయాలి. ఒక హెచ్చరిక: డాకర్ సాకెట్‌ను (కంటైనర్లను అదుపు చేసే ద్వారాన్ని) ఆ కంటైనర్‌లోకి మౌంట్ చేస్తే, ఏజెంట్‌కు ఆ యంత్రం మీద రూట్ అధికారం, అంటే పూర్తి అధికారం, ఇచ్చినట్లే. సౌకర్యం కోసం ఆ ఒక్క వరుస చేర్చి మిగతా కష్టమంతా నీళ్లలో పోసినవారిని చాలామందిని చూశాను.

డేటాబేస్ దగ్గర కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే అసలు తప్పులు ఇక్కడే జరుగుతాయి. చాలా అప్లికేషన్లు టేబుళ్లను సృష్టించిన రోల్‌తోనే (డేటాబేస్ లోపలి యూజర్ గుర్తింపుతోనే) రోజువారీ పని కూడా చేస్తుంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో ‘డ్రాప్ టేబుల్’ అనేది విడిగా ఇచ్చే హక్కు కాదు. అది ప్రధానంగా ఆ టేబుల్ యజమానికి పుట్టుకతో వచ్చే హక్కు. అప్లికేషన్ కనెక్షన్ వివరాలను ఉన్నదున్నట్లు ఏజెంట్‌కు ఇచ్చారంటే యాజమాన్యమే ఇచ్చారన్నమాట. కనుక ఏజెంట్ కోసం కొత్త రోల్ సృష్టించి, దానికి ఏ టేబుల్ మీదా యాజమాన్యం లేకుండా చూసి, అవసరమైన టేబుళ్ల మీద ‘సెలెక్ట్’ (చదివే) హక్కు మాత్రమే ఇవ్వాలి. రాయవలసిన అవసరం వస్తే ‘ఇన్సర్ట్’, ‘అప్‌డేట్’ ఏ టేబుల్‌కు కావాలో ఆ టేబుల్‌కే ఇవ్వాలి. ‘డిలీట్’ (వరుసలు చెరపడం), ‘ట్రంకేట్’ (టేబుల్‌ను మొత్తం ఖాళీ చేయడం) రెండూ వేర్వేరు హక్కులు. ఒకటి ఇచ్చినప్పుడు రెండోది దానంతటది రాదు, ‘ఆల్’ అని రాసినప్పుడు మాత్రం రెండూ వస్తాయి. పోస్ట్‌గ్రెస్ పదిహేనో వెర్షన్‌కు ముందు మొదలైన డేటాబేస్ అయితే ‘పబ్లిక్’ స్కీమాలో (టేబుళ్లను ఉంచే విభాగంలో) ఎవరైనా టేబుళ్లు సృష్టించగలిగే హక్కు ఇంకా మిగిలి ఉండవచ్చు, దానిని కూడా తీసేయాలి.

ఇక్కడ సులువుగా కనిపించే అడ్డదారి ఒకటుంది. రోల్‌కు హక్కులన్నీ ఉంచి, ‘డిఫాల్ట్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ’ అనే అమరికను ఆన్ చేసి ఊరుకోవడం. పేరులోనే ఉన్నట్లు అది డిఫాల్ట్ మాత్రమే. ఆ సెషన్‌లో ఉన్నవారెవరైనా ఒక్క ‘సెట్’ వాక్యంతో దానిని ఆఫ్ చేసుకోవచ్చు. దీనికి దగ్గరి బంధువే, ఏజెంట్ పంపిన క్వెరీని చదవడానికి మాత్రమే వీలుండే ట్రాన్సాక్షన్‌లో (ఒకే మూటగా నడిచే పనిలో) చుట్టి నడిపే పద్ధతి. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌కు నమూనాగా విడుదలైన ఒక పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లో సరిగ్గా ఇదే లోపం 2025లో బయటపడింది. క్వెరీ మొదట్లో ‘కమిట్’ అని రాసి, సెమీకోలన్ పెట్టి, తరువాత ‘డ్రాప్ స్కీమా’ రాస్తే, మొదటి మాటతో ఆ చుట్టిన ట్రాన్సాక్షన్ ముగిసిపోయి రెండో మాట స్వేచ్ఛగా నడిచింది. రోల్‌కు అసలు హక్కే లేకపోయి ఉంటే ఈ తెలివితేటలకు చోటే ఉండేది కాదు.

‘సెలెక్ట్’ హక్కు ఒక్కటే ఇచ్చాం కదా అని నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు. పోస్ట్‌గ్రెస్‌లో ఫంక్షన్లను పిలిచే హక్కు మొదటి నుంచీ అందరికీ ఉంటుంది. యజమాని హక్కులతో నడిచేలా, అంటే ‘సెక్యూరిటీ డిఫైనర్’ అని రాసిన ఫంక్షన్ ఏదైనా లోపల వరుసలు చెరుపుతుంటే, దానిని ‘సెలెక్ట్’ వాక్యంలో పిలిచినా అది చెరుపుతుంది. అటువంటి ఫంక్షన్లను వెతికి వాటి మీద సాధారణ ‘ఎగ్జిక్యూట్’ హక్కును ఉపసంహరించాలి. ఇదంతా పెద్ద తలనొప్పి అనిపిస్తే మంచి ఉపాయం ఒకటుంది: ఏజెంట్‌కు ప్రొడక్షన్ సర్వర్ చిరునామాయే ఇవ్వకుండా, స్టాండ్‌బై రెప్లికాకు (ప్రధాన డేటాబేస్‌ను అనుసరిస్తూ ఉండే నకలుకు) మాత్రమే దారి ఇవ్వడం. అక్కడ రాయడం ఎవరికీ సాధ్యం కాదు.

క్లౌడ్ విషయానికి వస్తే, ఏడబ్ల్యూఎస్ పాలసీలలో స్పష్టంగా రాసిన ‘డినై’ ఏ ‘అలౌ’ మీదైనా గెలుస్తుంది. కాబట్టి ఏజెంట్ రోల్‌కు చెరిపే చర్యలన్నిటి మీదా ‘డినై’ రాసి పెట్టవచ్చు. కుబర్నెటీస్‌లో ఆ సౌలభ్యం లేదు. అక్కడి ఆర్‌బ్యాక్ (పాత్రను బట్టి హక్కులిచ్చే) నియమాలు హక్కులను కలుపుతూ పోతాయి తప్ప తీసివేయవు. ఏజెంట్ సర్వీస్ అకౌంట్‌కు ‘గెట్’, ‘లిస్ట్’, ‘వాచ్’ క్రియలు మాత్రమే ఇచ్చినా, మరో పాత బైండింగ్ (హక్కులను అకౌంట్‌కు ముడివేసే నియమం) ద్వారా దానికి ‘డిలీట్’ వచ్చి ఉంటే అది చెల్లుతుంది. కొత్త నియమం రాయడం కంటే పాతవాటిని తవ్వి చూడడమే అక్కడ ముఖ్యమైన పని.

నిషేధాల జాబితా ఎందుకు నిలబడదు

చాలా ఏజెంట్ ప్రోగ్రాములలో కొన్ని కమాండ్లను నిషేధించే జాబితా రాసుకునే వీలుంటుంది. అందరూ మొదట ఫైళ్లు చెరిపే ‘ఆర్‌ఎం’ కమాండ్ రాస్తారు. ఏజెంట్‌కు దురుద్దేశం అక్కర్లేదు; ఒక దారి మూసుకుపోతే పని పూర్తి చేయాలన్న తాపత్రయంతోనే మరో దారి వెతుకుతుంది. ‘ఫైండ్’ కమాండ్‌కు చెరిపే ఆప్షన్ ఉంది. పైథాన్‌లో ఫోల్డర్ మొత్తాన్ని తీసేసే ఫంక్షన్ ఉంది. షెల్‌లో ఒక్క ‘గ్రేటర్ దాన్’ గుర్తుతో ఫైల్‌ను ఖాళీ చేయవచ్చు. నిషేధాల జాబితా వేగంగా వెళ్లే బండికి స్పీడ్ బ్రేకర్ వంటిది, పొరపాటున జరిగే కొన్నింటిని నెమ్మదింపజేస్తుంది. దానిని గేటు అనుకోకూడదు.

అనుమతుల జాబితా ఇంతకంటే మెరుగైనదే, అయితే దానిలోనూ ఒక మెలిక ఉంది. మీరు జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో పరీక్షలు నడిపే ‘ఎన్‌పీఎం టెస్ట్’ కమాండ్‌ను అడగకుండానే నడుపుకోమని అనుమతించారనుకోండి. ఆ కమాండ్ ఏం చేస్తుందో రాసి ఉండేది ‘ప్యాకేజ్ జేసన్’ ఫైల్‌లో, ఆ ఫైల్‌ను మార్చే అనుమతి కూడా ఏజెంట్‌కు ఉంది. అంటే అది ఏ కమాండ్‌నైనా ఆ ఫైల్‌లో రాసి ‘టెస్ట్’ పేరుతో నడపగలదు. ‘మేక్’, గిట్ హుక్‌లు, బిల్డ్ స్క్రిప్టులు అన్నీ ఈ కోవకు చెందినవే. తాను మార్చగలిగే ఫైల్‌ను నడిపే కమాండ్ ఏదైనా షెల్‌తో సమానమని గుర్తుంచుకుని, అటువంటివాటిని సాండ్‌బాక్స్ (కంటైనర్ వంటి, బయటికి హాని చేరని చోటు) లోపల మాత్రమే అనుమతించాలి. ఏజెంట్ అనుమతుల ఫైల్ కూడా ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉండి, దానిని ఏజెంటే మార్చగలిగితే కంచే చేను మేసినట్లవుతుంది. ఆ ఫైల్‌ను ఏజెంట్ రాయలేని చోట, వేరే యూజర్ యాజమాన్యంలో ఉంచాలి.

ఇంతకంటే పటిష్ఠమైన పద్ధతి, షెల్‌ను గానీ ముడి ఎస్‌క్యూఎల్‌ను (డేటాబేస్‌తో మాట్లాడే భాషను) గానీ ఇవ్వకుండా పనికి సరిపోయే ఇరుకైన టూల్స్ తయారు చేసి ఇవ్వడం. ఉదాహరణకు పాత టెస్ట్ ఆర్డర్లను తొలగించే పని ఏజెంట్‌కు అప్పగించాలంటే, ‘టెస్ట్ ఆర్డర్లు తీసివేయి’ అనే ఒకే టూల్ రాయండి. అది ఆర్డర్ నంబర్లను మాత్రమే తీసుకుంటుంది, షరతు వాక్యాలను తీసుకోదు. ఒక్కసారికి యాభైకి మించి నంబర్లను అంగీకరించదు, ఆ పరిమితి సర్వర్‌లో ఉంటుంది తప్ప టూల్ వివరణలో కాదు. ప్రతి నంబరూ నిజంగా టెస్ట్ ఆర్డరేనా అని తానే సరిచూస్తుంది. వరుసను చెరపకుండా ‘తొలగించిన తేదీ’ గడిలో తేదీ వేస్తుంది, అసలు చెరపడం ముప్పై రోజుల తరువాత ఏజెంట్‌కు సంబంధం లేని మరో ప్రోగ్రాము చేస్తుంది. ఇలా రాయడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఏజెంట్ పొరబడినా యాభై తేదీలు వెనక్కి తీసుకోవడంతో సరిపోతుంది.

సర్వర్లు, డేటాబేస్‌ల వంటి మౌలిక సదుపాయాలను టెర్రాఫార్మ్‌తో (వాటిని కోడ్ ద్వారా ఏర్పాటు చేసే టూల్‌తో) నడిపేవారికి ఈ విభజన ముందే సిద్ధంగా ఉంది. జరగబోయే మార్పులను చూపే ‘ప్లాన్’ నడిపే హక్కు ఏజెంట్‌కు ఇచ్చి, ఆ ప్లాన్‌ను ఫైల్‌గా భద్రపరిపించి, వాటిని అమలు చేసే ‘అప్లై’ని మనిషి అనుమతి తరువాత వేరే గుర్తింపుతో నడపాలి. భద్రపరచిన ప్లాన్‌నే అప్లై చేస్తే చూసినదే జరుగుతుంది. ఈలోగా స్టేట్ (టెర్రాఫార్మ్ నమోదు చేసుకున్న స్థితి) మారి ఉంటే ప్లాన్ పాతబడిందని టెర్రాఫార్మ్ తిరస్కరిస్తుంది. వనరును తొలగించనివ్వని ‘ప్రివెంట్ డిస్ట్రాయ్’ అనే అమరికను చాలామంది ఇనప్పెట్టెలా నమ్ముతారు. ఏజెంట్ ఆ వనరు తాలూకు బ్లాక్‌ను కోడ్ నుంచి పూర్తిగా తీసేస్తే ఆ అమరిక కూడా దానితోపాటే పోతుంది, తదుపరి అప్లైలో వనరు తొలగిపోతుంది. క్లౌడ్‌లోనే ఉండే డిలీషన్ ప్రొటెక్షన్‌ను కూడా ఆన్ చేసి ఉంచాలి.

మనిషి అనుమతి అడిగే చోటు

ప్రతి చిన్న కమాండ్‌కూ అనుమతి అడిగితే భద్రత పెరుగుతుందనుకోవడం పొరపాటు. గంటలో నలభై సార్లు ‘సరే’ నొక్కిన వేలు నలభై ఒకటోసారి చదవకుండానే నొక్కుతుంది, లేదా ‘ఇకపై అడగవద్దు’ నొక్కి ఊపిరి పీల్చుకుంటుంది. చదివే పనులకు, సాండ్‌బాక్స్ లోపలి పనులకు, సులువుగా వెనక్కి తీసుకోగలిగే పనులకు అడగనే కూడదు. వెనక్కి తీసుకోలేనివాటికి, బయటివారికి చేరేవాటికి మాత్రమే అడగాలి. రోజుకు రెండు మూడు సార్లకు మించి ఆ ప్రశ్న వస్తున్నదంటే హక్కుల విభజన సరిగా లేదని అర్థం.

అడిగినప్పుడు తెర మీద ఏం కనిపించాలన్నది అంతకంటే ముఖ్యం. ఏజెంట్ తన మాటల్లో రాసిన సారాంశం కాకుండా, వేరియబుళ్లన్నీ విప్పి చూపిన అసలు కమాండ్ కనిపించాలి. అది నడవబోయే సర్వర్ పేరు, ప్రొడక్షనా స్టేజింగా (పరీక్షల కోసం పెట్టిన నకలా) అన్నది, ఎన్ని వరుసలు లేదా ఫైళ్లు ప్రభావితమవుతాయన్నది, వాటికి బ్యాకప్ ఎప్పటిదన్నది కనిపించాలి. ఈ వివరాలను ఏజెంట్ కాకుండా టూల్ నడిపే ప్రోగ్రామే సేకరించాలి; రోల్‌బ్యాక్ కుదరదని ధీమాగా చెప్పిన ఏజెంట్ కథ మొదట్లోనే చూశాం కదా. ‘12 వరుసలు’ అనుకున్న చోట ‘4,81,000 వరుసలు’ కనబడితే నిద్రమత్తులో ఉన్న మనిషి కూడా ఆగుతాడు. ఇచ్చిన అనుమతి ఆ కమాండ్‌కు, ఆ ఆర్గ్యుమెంట్లకు, కొద్ది నిమిషాలకు మాత్రమే చెల్లాలి. ఒక్క అక్షరం మారినా మళ్లీ అడగాలి. ప్రొడక్షన్ విషయంలో ఏజెంట్‌ను నడుపుతున్నవారు కాక మరొకరు అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉత్తమం, ఎందుకంటే పని ముగించుకుని వెళ్లాలన్న తొందర వారికి ఉండదు.

పరాయి మాటలు చదివిన ఏజెంట్

ఇంతవరకు ఏజెంట్ తనంతట తాను పొరబడడం గురించి మాట్లాడుకున్నాం. ఎవరో ఒకరు దాని చేత కావాలని చెరిపించే ప్రమాదం కూడా ఉంది. 2025 జులైలోనే అమెజాన్ క్యూ అనే కోడింగ్ సహాయకుని వీఎస్ కోడ్ (కోడ్ రాసే ఎడిటర్) ఎక్స్‌టెన్షన్‌లోకి, వినియోగదారు ఫైళ్లను, క్లౌడ్ వనరులను తుడిచివేయమని చెప్పే సూచనను ఒక బయటి వ్యక్తి చొప్పించగలిగాడు, అది 1.84.0 వెర్షన్‌తో విడుదల కూడా అయింది. సాధారణంగా ఇంత దూరం వెళ్లనవసరం లేదు. ఏజెంట్ చదివే సపోర్ట్ టికెట్‌లోనో, వెబ్ పేజీలోనో, ఎవరో పంపిన పీడీఎఫ్‌లోనో ఒక వాక్యం రాసి ఉంచితే చాలు. అధికారం ఉన్న ప్రోగ్రామును అధికారం లేనివాడు తన పనికి వాడుకునే ఈ చిక్కును కంప్యూటర్ నిపుణుడు నార్మ్ హార్డీ 1988లోనే వివరించాడు. కొత్తదనమల్లా ఇప్పుడు ఆ ప్రోగ్రాము మామూలు భాషలో చెప్పినా వింటుంది.

ఏజెంట్‌కు వచ్చే ఇన్‌పుట్‌లలో ‘డిలీట్’, ‘ఇగ్నోర్’ వంటి మాటలను జల్లెడ పట్టి ఆపాలనుకునేవారికి ఒక మాట. ‘ఈ పట్టిక మొత్తం తుడిచెయ్యి’ అని తెలుగులో రాస్తే ఇంగ్లీష్ మాటల జల్లెడ దానిని నిరాటంకంగా వదిలేస్తుంది, మోడల్ మాత్రం చక్కగా అర్థం చేసుకుంటుంది. తెలుగు లిపిలోనే కాదు, ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిన తెలుగులోనూ అంతే. కాబట్టి జల్లెడ మీద ఆధారపడకుండా, సెషన్‌ను బట్టి హక్కులు మార్చే నియమం పెట్టుకోవాలి: బయటివారి రాత ఏదైనా చదివిన సెషన్‌లో చెరిపే టూల్స్ ఉండకూడదు. టికెట్లు చదివే ఏజెంట్ వేరు, మార్పులు చేసే ఏజెంట్ వేరు. మొదటిది రెండోదానికి స్వేచ్ఛగా వాక్యాలు పంపకుండా, ముందే నిర్ణయించిన గడుల్లో ఆర్డర్ నంబర్, తేదీ వంటివి మాత్రమే అందించాలి.

బ్యాకప్ ఏజెంట్‌కు అందకూడదు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ (కోడ్‌ను భద్రపరిచే ఆన్‌లైన్ సేవ) ఇంజినీరు ఒకరు రెండో సర్వర్ మీద చెరపవలసిన డేటా ఫోల్డర్‌ను పొరపాటున ప్రధాన సర్వర్ మీద చెరిపారు. తప్పు గ్రహించి ఆపేసరికి దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. అక్కడ ఏఐ లేదు, మనిషే. అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది: రోజూ జరగవలసిన బ్యాకప్ ప్రోగ్రాము వెర్షన్ తేడా వల్ల చాలాకాలంగా విఫలమవుతూ ఉంది, ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు తిరస్కరణకు గురవుతున్నాయి. అదృష్టవశాత్తు దాదాపు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి మిగతాది దక్కింది. బ్యాకప్ ఉందని కాగితం మీద ఉండడం వేరు, దాని నుంచి డేటా వెనక్కి వస్తుందని చేసి చూడడం వేరు. నెలకొకసారైనా ఖాళీ సర్వర్ మీద తిరిగి నింపి చూడాలి.

ఏజెంట్ల విషయంలో దీనికి మరొకటి చేరుతుంది. డేటాను చెరపగలిగే గుర్తింపుకు దాని బ్యాకప్‌ను చెరిపే హక్కు ఉండకూడదు. ఏడబ్ల్యూఎస్ వారి డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో డేటాబేస్‌ను తొలగించేటప్పుడు అట్టిపెట్టమని చెప్పకపోతే ఆటోమేటెడ్ బ్యాకప్‌లు కూడా పోతాయి. అందుకే కాపీలను వేరే అకౌంట్‌లో ఉంచి, ఫైళ్లను భద్రపరిచే సేవ ఎస్3లో ఆబ్జెక్ట్ లాక్‌ను కంప్లయన్స్ పద్ధతిలో పెట్టడం మేలు; గడువు తీరేవరకు ఆ ఫైళ్లను రూట్ యూజర్ కూడా చెరపలేడు. గడువు జాగ్రత్తగా ఎంచుకోండి, ఎందుకంటే పొరపాటున పదేళ్లని రాస్తే ఆ పదేళ్ల బిల్లు కూడా చెరగదు.

ఆపడం, సరిచూడడం

ఏజెంట్ దారి తప్పిందని గమనించినప్పుడు విండో మూసేయడం చాలదు. అది మొదలుపెట్టిన క్వెరీ డేటాబేస్‌లో నడుస్తూనే ఉండవచ్చు. రోల్‌కు ‘నో లాగిన్’ పెడితే కొత్త కనెక్షన్లు ఆగుతాయి తప్ప ఉన్నవి తెగవు. వాటిని ‘పీజీ టెర్మినేట్ బ్యాకెండ్’ ఫంక్షన్‌తో విడిగా తెంచాలి. ఈ రెండూ, క్లౌడ్ టోకెన్ రద్దు, కంటైనర్ నిలిపివేత, అన్నీ కలిపి ఒకే స్క్రిప్ట్‌గా ముందే రాసి, బృందంలో అందరికీ అది ఎక్కడుందో చెప్పాలి. ఏజెంట్‌కు సొంత రోల్ ఇవ్వడంలో ఉన్న మరో లాభం ఇక్కడ తెలుస్తుంది: అప్లికేషన్‌ను ఆపకుండా ఏజెంట్‌ను మాత్రమే తెంచగలుగుతారు, లాగ్‌లో ఎవరి పని ఏదో వేరుగా చూడగలుగుతారు. ఆ లాగ్‌లు ఏజెంట్ రాయలేని, చెరపలేని చోటికి వెంటవెంటనే చేరాలి.

చివరగా ఈ ఏర్పాట్లన్నీ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. చాలామంది చేసే పరీక్ష, స్టేజింగ్‌లో ఏజెంట్‌ను ‘ఈ టేబుల్ చెరిపెయ్యి’ అని అడిగి, అది ‘అలా చేయకూడదు’ అని మర్యాదగా జవాబిస్తే తృప్తిపడడం. ఆ జవాబు ఏజెంట్ స్వభావం గురించి చెబుతుంది గానీ మీ ఏర్పాట్ల గురించి ఏమీ చెప్పదు. ఏజెంట్‌ను పక్కన పెట్టి, దానికిచ్చిన రోల్‌తో, దానికిచ్చిన టోకెన్‌తో, దాని కంటైనర్‌లో మీరే కూర్చుని చెరపడానికి ప్రయత్నించండి: టేబుల్ డ్రాప్ చేయండి, ట్రంకేట్ చేయండి, మెయిన్ బ్రాంచ్ మీదకు ఫోర్స్ పుష్ (పాత చరిత్రను కొట్టివేసి రాయడం) చేయండి, బ్యాకప్ బకెట్‌లో ఒక ఫైల్ తీసేయండి, హోమ్ ఫోల్డర్‌లోని కీలు చదవండి. ప్రతి ప్రయత్నానికీ తిరస్కరణ సమాధానం డేటాబేస్ నుంచి, గిట్‌హబ్ నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి రావాలి. ఈ ప్రయత్నాలను ఒక స్క్రిప్ట్‌గా రాసి, హక్కులు మార్చిన ప్రతిసారీ, కొత్త టూల్ కలిపిన ప్రతిసారీ నడపండి. ఏ ఒక్కటి సఫలమైనా, ఆ లోపం సరిదిద్దేవరకు ఏజెంట్ టోకెన్‌ను రద్దు చేసి ఉంచండి.